లండన్ నగరం: దక్కను యాత్రికుడు చూడవలసిన స్థలాలు

ఇస్లామీయ నాగరికతలో ప్రయాణం విద్యార్జనలో ఒక భాగంగా పరిగణింపబడింది. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమైందో కళ్ళారా చూడవలసిందని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తుంది. ఇబ్నె జుబైర్, ఇబ్నె బతూతా వంటి యాత్రికులు తాము చూసిన నగరాల కోటలను, బజారులను వర్ణించి ఊరుకోలేదు. ఆ ఊళ్ళో మస్జిదులు, మద్రసాలు ఎట్లా నడుస్తున్నవో, వాటికి వక్ఫు చేసినవారెవరో, అక్కడ ఏ మహనీయులు సమాధులలో విశ్రమిస్తున్నారో కూడ విచారించి రాశారు. కొత్త నగరాన్ని చూసే ఆ పద్ధతి నేటికీ పనికివచ్చేదే.

నల్లగొండ జిల్లాలోని హాలియా వంటి చిన్న పట్టణాల నుంచి సైతం ఈనాడు పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం లండన్ వెళ్తున్నారు. కొన్నాళ్ళకు తల్లిదండ్రులను పిలిపించుకొని నగరం చూపిస్తున్నారు. అటువంటి యాత్రికుని చేతికి వచ్చే మార్గదర్శి పుస్తకాలలో టవర్, మ్యూజియం, పార్లమెంటు భవనం, రాజప్రాసాదం, థేమ్స్ నదిపై వంతెనలు తప్పక ఉంటాయి. రోమనుల కాలం నుంచి దాదాపు రెండువేల సంవత్సరాల చరిత్ర గల నగరం గనుక అవి చూడదగినవే. అయితే కృష్ణాతీరం నుంచి వెళ్ళిన మనిషికి ఆ పుస్తకం చెప్పని సంగతులు అక్కడ చాలా ఉన్నాయి. దక్కను సంపద, దక్కను విద్య, దక్కను ప్రజల కన్నీళ్ళు కూడ ఆ నగరపు వీధులలో ఏదో ఒక రూపంలో నిలిచి ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకొంటే చాలు: ఇక్కడికి వచ్చినదానిలో కూడబెట్టి దాచినది ఏమైంది? అల్లాహ్ మార్గంలో ఇచ్చినది ఏమైంది?

టవర్, సిటీ ప్రాంతం

యాత్రికులు మొదట చూసేది సాధారణంగా టవర్ ఆఫ్ లండన్. పదకొండవ శతాబ్దంలో ఇంగ్లండును జయించిన విలియం రాజు కట్టించిన కోట ఇది. ఇందులోని రత్నాగారంలో బ్రిటిష్ రాజకుటుంబపు కిరీటాలు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో కోహినూర్ వజ్రం పొదగబడి ఉన్నది. ఇది కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చిరకాలంగా ప్రతీతి. దానికి తిరుగులేని రుజువు లేకపోయినా, ఆ కాలంలో ప్రపంచానికి పెద్ద వజ్రాలను అందించిన ప్రధాన క్షేత్రం గోలకొండ రాజ్యమే అనడంలో సందేహం లేదు. పదిహేడవ శతాబ్దంలో కొల్లూరును దర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ చోటును దేశభాషలో 'గని' అంటారని రాశాడు. ఆ విధంగా ఒక తెలుగు మాట యూరపు వజ్రవర్తకుల పుస్తకాలకెక్కింది. అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి అరవైవేల మంది పని చేస్తుండేవారని ఆయన లెక్క. నాగార్జునసాగర్‌కు దిగువన ఉన్న ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

కోహినూర్ చరిత్రలో నిశ్చయంగా తెలిసిన భాగం 1739లో నాదిర్షా ఢిల్లీ దోపిడీతో మొదలవుతుంది. ఇరాన్ నుంచి ఆఫ్ఘన్ పాలకులకు, 1813లో వారి నుంచి మహారాజా రంజిత్‌సింగ్‌కు, 1849లో పంజాబు పతనంతో కంపెనీకి, మరుసటి సంవత్సరం విక్టోరియా రాణికి అది చేరింది. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనలో దానిని చూసిన జనం ఇది తగినంత మెరవడం లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడు దానిని తిరిగి సానపట్టగా 186 కేరట్ల రాయి సుమారు 105 కేరట్లకు తగ్గింది. ఎందరో రాజుల చేతులు మారినా ఒక్క ఆకలిగొన్న మనిషికి కూడ అన్నం పెట్టని సంపద అది. టవర్‌లో ఆ గాజు పెట్టె ముందు నిలబడిన హాలియా వాసి, దానిని ధరించిన రాణులతో పాటు గనిలో మట్టి మోసిన ఆ అరవైవేల మందిని కూడ తలచుకోవడం న్యాయం.

టవర్ నుంచి పడమరగా కొద్దిదూరం నడిస్తే లెడెన్‌హాల్ వీధి వస్తుంది. నేడు లాయిడ్స్ బీమా సంస్థ భవనం నిలిచి ఉన్న స్థలంలోనే పూర్వం ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. 1600 డిసెంబరు 31న అధికార పత్రం పొందిన ఆ కంపెనీ 1611లో గోలకొండ రాజ్యపు రేవుపట్టణమైన మచిలీపట్నంలో వర్తకశాల తెరిచింది. 1630ల తొలి సంవత్సరాలలో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఆ వర్తకులకు తన రేవులలో వ్యాపారం చేసుకొనే సౌకర్యాలతో ఫర్మానా ఇచ్చాడు. దానినే చరిత్రకారులు 'బంగారు ఫర్మానా' అంటారు. అతిథిగా వచ్చిన వర్తకుడు రెండు వందల ఏళ్ళలో యజమాని కావడం లోకానికి తెలిసిన కథ. కంపెనీ భవనాన్ని 1861లో కూల్చివేశారు. అంతటి అధికారం చెలాయించిన ఇంటి గుర్తు ఆ వీధిలో మిగలలేదు. గుణపాఠం తీసుకొనేవారికి ఆ ఖాళీ చోటు కూడ చూడవలసిన స్థలమే.

బ్లూమ్స్‌బరీ: విద్యల పేట

నగరం మధ్యలో బ్లూమ్స్‌బరీ అనే పేట ఉన్నది. గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయానికి, బ్రిటిష్ మ్యూజియంకు అది నెలవు. ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది ఉన్నది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసుకొనే హాలియా ప్రాంతపు వారికి నాగార్జునకొండ మ్యూజియం సుపరిచితం. కనుక ఆ లేత రంగు సున్నపురాతి పలకలను చూడగానే ఇవి తమ నది ఒడ్డువేనని గుర్తిస్తారు. కాలిన్ మెకంజీ 1797 ప్రాంతంలో అమరావతి స్తూపాన్ని చూసి, 1816లో తిరిగి వచ్చి సర్వే చేయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడ నుంచి 1859లో లండన్‌కు ఓడలో వెళ్ళాయి.

నాగార్జునకొండ గతి వేరు. సాగర్ నీటిలో ఆ లోయ మునిగిపోతుందని తెలిసిన తర్వాత 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడినవాటిని కొండపైకి చేర్చి అక్కడే భద్రపరిచారు. ఒకే నది ఒడ్డున, ఒకే రకం రాతిపై చెక్కిన పని. ఒకటి స్వస్థలంలోనే కొండెక్కింది, మరొకటి సముద్రాలు దాటింది. ఈ శిల్పాలు ముస్లిముల మతానికి సంబంధించినవి కాకపోయినా, ఇరుగుపొరుగు ప్రజల పూర్వీకుల చేతిపనిని గౌరవంగా చూసుకోవడం, వాటి చరిత్రను నిజాయితీగా తెలుసుకోవడం విద్యావంతుల ధర్మం. అల్ బీరూనీ హిందూదేశాన్ని చూసిన దృష్టి అదే.

ఆ పేటలోనే గోవర్ వీధిలో యూనివర్సిటీ కాలేజీ ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన ఉద్యోగ విరమణ తర్వాత లండన్‌లో స్థిరపడి, అక్కడ తెలుగు ఆచార్యునిగా పనిచేసి, 1884లో కన్నుమూశాడు. తెలుగువారందరికీ ఆయన నిఘంటువు తెలుసు. ముస్లిము పాఠకులకు ఆయన మరొక గ్రంథం మరింత విలువైనది. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, ఫార్సీ, హిందూస్తానీ మాటలను ఏర్చికూర్చి ఆయన 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువరించాడు. రైతు, శిస్తు, జమాబందీ, దరఖాస్తు, కచేరీ వంటి మాటలు పరాయివని ఏరివేయవలసినవి కావని, అవి తెలుగు ప్రజల నిత్య వ్యవహారంలో భాగమని ఆ పుస్తకమే సాక్ష్యం. తెలుగు ముస్లిముల భాషను గురించి చిన్నచూపు ఎదురైనప్పుడు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోదగినది.

కాలేజీకి దగ్గరలోని గోర్డన్ స్క్వేర్ తోటలో 2012లో ఒక ముస్లిం మహిళ శిరోవిగ్రహం నెలకొల్పబడింది. ఆమె నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశంలోనిదిగా ఆమె ప్రసిద్ధురాలు. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్‌కు పీర్ హైదరాబాద్ నివాసి అయిన సయ్యద్ అబూ హాషిం మదనీ. నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో ఆమె రహస్యంగా వైర్‌లెస్ వార్తలు పంపే పని చేసింది. పట్టుబడిన తర్వాత 1944 సెప్టెంబరులో దాఖౌ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపబడింది. తన పూర్వీకుణ్ణి చంపిన రాజ్యం పక్షాన, మరింత పెద్ద దుర్మార్గానికి వ్యతిరేకంగా ఆమె ప్రాణమిచ్చింది. చరిత్ర ఎప్పుడూ రెండు రంగులలో ఉండదని ఆ విగ్రహం చెప్తుంది.

కెన్సింగ్టన్: ఒక బొమ్మ, ఒక శంకుస్థాపన

టిప్పు ప్రసక్తి వచ్చినవారిని పడమటి లండన్‌లోని కెన్సింగ్టన్‌కు తీసుకువెళ్తుంది. అక్కడి విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో టిప్పు పులి అనే కొయ్యబొమ్మ ఉన్నది. యూరపు సిపాయిపై పులి కూర్చున్నట్లుగా చేసిన ఆ యంత్రపు బొమ్మను 1799లో శ్రీరంగపట్నం పతనమైనప్పుడు ఆంగ్లేయులు పట్టుకుపోయారు. పిల్లలు దానిని చూసి ముచ్చటపడతారు. పెద్దలు మాత్రం ఆ యుద్ధంలో నిజాం సైన్యం కూడ మీర్ ఆలం నాయకత్వాన కంపెనీ పక్కన నిలిచి టిప్పుపై పోరాడిన సంగతిని మరువరాదు. హైదరాబాద్‌లో ఆయన పేరుతో ఉన్న చెరువును చూసినవారు ఆ యుద్ధాన్ని కూడ తెలుసుకోవాలి. ఇతరుల తప్పులను లెక్కించే చరిత్రకారుడు తనవారి తప్పులను దాచితే అది సాక్ష్యం కాదు, పక్షపాతం.

పడమటి కెన్సింగ్టన్‌లోని మార్నింగ్టన్ ఎవెన్యూలో 1937లో హైదరాబాద్ రాకుమారుడు ఆజం జా ఒక మస్జిద్‌కు శంకుస్థాపన చేశాడు. ఆ ప్రయత్నం 1928లో మొదలైంది. ఆంగ్ల ప్రభువంశీయుడై 1913లో ఇస్లాం స్వీకరించిన లార్డ్ హెడ్లీ, లండన్‌లో పెద్ద మస్జిద్ లేని లోటు తీర్చాలని కోరగా, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 60,000 పౌండ్లు ఇచ్చాడు. 'లండన్ నిజామియా మస్జిద్' పేర ఒక ట్రస్టు ఏర్పడింది. కాని అక్కడ మస్జిద్ లేవలేదు. హెడ్లీ 1935లోనే మరణించాడు. శంకుస్థాపన జరిగిన రెండేళ్ళకు మహాయుద్ధం వచ్చిపడింది. ఆ ప్రయత్నం తర్వాతి కాలంలో రీజెంట్స్ పార్కు మస్జిద్ ప్రయత్నంలో కలిసిపోయింది. సత్కార్యానికి ధనం ఒక్కటే చాలదు, దానిని నడిపే జమాఅత్ కూడ కావాలని ఈ ఉదంతం నేర్పుతుంది.

మేరిల్‌బోన్, రీజెంట్స్ పార్కు

రీజెంట్స్ పార్కు అంచున, మేరిల్‌బోన్ పేటను ఆనుకొని లండన్ కేంద్ర మస్జిద్ ఉన్నది. 1940లో, నగరంపై జర్మను బాంబులు పడుతున్న రోజులలో, బ్రిటిష్ మంత్రివర్గం ఈ స్థలం కోసం లక్ష పౌండ్లు మంజూరు చేసింది. సామ్రాజ్య సైన్యంలో ముస్లిము సిపాయిలు అసంఖ్యాకంగా ఉండడం ఇందుకు ఒక కారణం. కైరోలో ఆంగ్లికన్ చర్చికి స్థలం ఇవ్వబడి ఉండడం మరొకటి. 1944 నవంబరులో ఆరవ జార్జి రాజు ఇస్లామీయ సాంస్కృతిక కేంద్రాన్ని ప్రారంభించాడు. ఫ్రెడరిక్ గిబ్బర్డ్ రూపకల్పన చేసిన మస్జిద్ కట్టడం 1977లో పూర్తి అయింది. బంగారు రంగు గుమ్మటం పార్కు చెట్ల మీదుగా కనిపిస్తుంది. జుమా నాడు అక్కడ నిలబడితే ప్రపంచంలోని అన్ని దేశాల ముస్లిములు ఒకే వరుసలో కనిపిస్తారు.

ఇదే మేరిల్‌బోన్‌లో హైదరాబాద్‌కు చెందిన ఒక విషాద గాథ కూడ దాగి ఉన్నది. హైదరాబాద్‌లో రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ కర్క్‌పాట్రిక్ నగరపు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను వివాహమాడాడు. కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు ఆయనే. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1805లో నాలుగేళ్ళ బాలుణ్ణి, మూడేళ్ళ పాపను చదువు పేర ఇంగ్లండు పంపించారు. తండ్రి అదే సంవత్సరం కలకత్తాలో చనిపోయాడు. 1806 మార్చిలో మేరిల్‌బోన్ చర్చిలో ఆ ఇద్దరికీ జ్ఞానస్నానం చేయించి పేర్లు మార్చారు. నూరున్నిసా కిట్టీ అయింది. తల్లి తన పిల్లలను తిరిగి చూడకుండానే 1813లో ఇరవయ్యేడేళ్ళ వయసులో మరణించింది. కిట్టీ పెద్దదై పిల్లల తల్లి అయిన తర్వాత, 1840లలో, హైదరాబాద్‌లో ఇంకా బ్రతికి ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు నడిపింది. అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు గడిచిపోయినవి. ఒకరి భాష ఒకరికి రాదు. ఉత్తరాలను మరొకరు అనువదించి వినిపించవలసి వచ్చింది. పిల్లలను పరదేశాలకు పంపే తల్లిదండ్రులు ఆ వీధులలో నడిచేటప్పుడు ఈ కథను ఒకసారి తలచుకోవాలి. సంతానం దూరమవడానికి సముద్రమే కారణం కానక్కరలేదు. భాష పోయినా, ధర్మం పోయినా అంతే దూరమవుతారు.

అక్కడికి దగ్గరలోనే జార్జి వీధిలో ఒక ఇంటి గోడపై 2005లో పెట్టిన పలక ఉన్నది. పాట్నాలో పుట్టిన దీన్ ముహమ్మద్ 1810లో అక్కడ హిందూస్తానీ కాఫీ హౌసు తెరిచాడు. లండన్‌లో భారతీయుడు నడిపిన తొలి భోజనశాల అది. రెండేళ్ళకే దివాలా తీసింది. ఆంగ్లంలో పుస్తకం ప్రకటించిన తొలి భారతీయుడు కూడ ఆయనే. అది 1794 నాటి మాట.

వెస్ట్‌మినిస్టర్: బ్యాంకులో నిలిచిన సొమ్ము

పార్లమెంటు భవనం, గడియార స్తంభం ఉన్న వెస్ట్‌మినిస్టర్‌ను చూడని యాత్రికుడు ఉండడు. అయితే అక్కడ హైదరాబాద్ ఖజానా గురించి ఒక తీర్పు వెలువడిందని తెలిసినవారు తక్కువ. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. ఆ రోజులలోనే, సెప్టెంబరు 20న, నిజాం ప్రభుత్వపు ఆర్థికమంత్రిగా ఉండిన మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంపై లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేర మార్చబడినవి. ఆ మార్పు తన అనుమతితో జరగలేదని నిజాం కొద్దిరోజులకే తెలియజేశాడు. వ్యాజ్యం వచ్చింది. పాకిస్తాన్ స్వతంత్ర రాజ్యం గనుక దానిని కోర్టుకు ఈడ్చే వీలు లేదని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. సొమ్ము బ్యాంకులోనే నిలిచిపోయింది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెక్కడంతో ఆ అడ్డు తొలగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ ధనం నిజాం వారసులకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని నిర్ణయించింది. అప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది.

డెబ్బైఒక్క సంవత్సరాలు ఆ ధనం వడ్డీతో పెరిగిందే గాని ఒక్క మనిషి కడుపు నింపలేదు. అది ఎవరి సొమ్మో ఆలోచించాలి. సంస్థానపు ఖజానా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల రైతు కట్టిన శిస్తుతో నిండిన ఖజానా. ఆ 1948లోనే ఒకవైపు రజాకార్ల దౌర్జన్యాలకు గురైన గ్రామాలు ఉన్నాయి. మరొకవైపు సైనిక చర్య తర్వాత ఊచకోతకు గురైన ముస్లిము బస్తీలు ఉన్నాయి. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్య తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 దాకా ఉంటుందని అంచనా వేసింది. వితంతువులు, అనాథలు దిక్కు లేక ఉన్న ఆ సంవత్సరాలలో వారికి అక్కరకు రాగల ధనం పరాయి నగరంలో తాళాల వెనుక ఉండిపోయింది. బంగారం, వెండి కూడబెట్టి దైవమార్గంలో ఖర్చు చేయనివారి గురించి దివ్య ఖుర్ఆన్ చేసిన హెచ్చరిక ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

తూర్పు లండన్: పేదల పేటలు

రాజభవనాలు పడమట ఉంటే, రేవులు, కార్మికుల ఇళ్ళు తూర్పున ఉన్నాయి. కంపెనీ ఓడలలో పనిచేసిన లస్కర్లు, అంటే ఆసియా నావికులు, జీతాలు అందక, తిరుగు ప్రయాణం దొరకక ఈ వీధులలో చలికి తిప్పలు పడ్డారు. వారి కోసం 1857లో లైమ్‌హౌసు పేటలో ఒక ఆశ్రయగృహం వెలసింది. తర్వాతి కాలంలో సిల్హట్ ప్రాంతపు బెంగాలీ ముస్లిములు ఇక్కడ స్థిరపడ్డారు.

ఈ పేటలోని బ్రిక్ లేన్ జామె మస్జిద్ తప్పక చూడవలసినది. ఫ్రాన్సులో మతహింసకు గురై పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంటులు 1743లో దానిని చర్చిగా కట్టుకొన్నారు. తర్వాత అది మెథడిస్టుల ప్రార్థనాలయమైంది. రష్యా నుంచి తరిమివేయబడిన యూదులు 1898లో దానిని తమ సినగాగుగా చేసుకొన్నారు. 1976లో అది మస్జిద్ అయింది. ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన నిరాశ్రయులు అదే కప్పు కింద దేవుణ్ణి తలచుకొన్నారు. ఇటువంటి భవనం ప్రపంచంలో అరుదు.

సమీపంలోని వైట్‌చాపెల్ రోడ్డుపై తూర్పు లండన్ మస్జిద్ ఉన్నది. దీని మూలం 1910లో కలకత్తాకు చెందిన న్యాయమూర్తి సయ్యద్ అమీర్ అలీ ఆధ్వర్యాన ఏర్పడిన లండన్ మస్జిద్ నిధి. మొదట అద్దె గదులలో జుమా జరిగేది. 1941లో కమర్షియల్ రోడ్డులో కొన్న ఇళ్ళు మస్జిద్ అయినవి. నేటి భవనం 1985 నాటిది. పెద్ద శంకుస్థాపన లేకుండా, కొద్దికొద్దిగా కూడిన చందాలతో ముప్పై ఏళ్ళు ఓపిక పట్టి ఒక మస్జిద్ ఎట్లా నిలబడుతుందో ఇక్కడ చూడవచ్చు.

వోకింగ్, బ్రూక్‌వుడ్

చివరి మజిలీ నగరం వెలుపల ఉన్నది. వాటర్లూ స్టేషన్‌లో రైలు ఎక్కితే అరగంటలో వోకింగ్ వస్తుంది. 1889లో అక్కడ వెలసిన షాజహాన్ మస్జిద్ బ్రిటనులో మస్జిద్ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి భవనం. లాహోరులో ఆచార్యుడుగా పనిచేసిన డాక్టర్ లైట్నర్ ప్రయత్నంతో, భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం విరాళంతో అది నిలిచింది. దాని పక్కనే ఉన్న ఇంటి పేరు సర్ సాలార్‌జంగ్ స్మారక గృహం. హైదరాబాద్ దీవాన్‌గా ముప్పై ఏళ్ళు పనిచేసి, 1865లో సంస్థానంలో జిల్లాల పాలనా విధానాన్ని ప్రవేశపెట్టిన మొదటి సాలార్‌జంగ్ జ్ఞాపకార్థం వెలసిన ఇల్లు అది. ఆయన 1876లో లండన్ వచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాక్టర్ బిరుదు ఇచ్చింది, లండన్ నగరం గౌరవ పౌరసత్వం ఇచ్చింది. కాని ఆయన మనసులో పెట్టుకొని వచ్చిన కోరిక, బీరారు ప్రాంతాన్ని సంస్థానానికి తిరిగి ఇప్పించడం, నెరవేరలేదు. సన్మానాలు కాగితాలలో మిగిలినవి. మస్జిద్ పక్కన ఆయన పేరున్న ఇల్లు మాత్రం నమాజీల మధ్య నిలిచి ఉన్నది.

ఊరి బయట హార్సెల్ మైదానంలో మొదటి మహాయుద్ధంలో గాయపడి మరణించిన భారతీయ ముస్లిము సిపాయిల కోసం 1917లో ఏర్పడిన శ్మశానవాటిక ఉన్నది. వారి సమాధులను తర్వాత బ్రూక్‌వుడ్‌కు మార్చారు. ఆ స్థలం 2015లో శాంతివనంగా తీర్చిదిద్దబడింది.

వోకింగ్ తర్వాతి స్టేషనే బ్రూక్‌వుడ్. 1854లో తెరిచిన ఆ విశాలమైన శ్మశానంలో ముస్లిములకు ప్రత్యేక భాగం ఉన్నది. లార్డ్ హెడ్లీ ఇక్కడే ఉన్నాడు. ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన ఇద్దరు ప్రసిద్ధులు కూడ ఇక్కడే ఉన్నారు. ఇద్దరూ హైదరాబాద్ కొలువులో పనిచేసినవారే.

మార్మడ్యూక్ పిక్తాల్ 1875లో లండన్‌లో పుట్టి, నవలాకారుడుగా పేరు పొంది, 1917లో ఇస్లాం స్వీకరించాడు. 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1927లో 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసిక పత్రికకు సంపాదకుడయ్యాడు. అనువాదం పూర్తి చేయడానికి నిజాం ప్రభుత్వం ఆయనకు పూర్తి జీతంతో రెండేళ్ళ సెలవు ఇచ్చింది. ఆయన కైరో వెళ్ళి అక్కడి ఉలమాతో సంప్రదించి, 1930లో గ్రంథం ప్రకటించాడు. దైవవాణిని యథాతథంగా మరో భాషలోకి తేవడం అసాధ్యమని నమ్మి, తన గ్రంథాన్ని అనువాదమని కాక 'భావం' అని మాత్రమే పేర్కొన్నాడు. 1936లో మరణించాడు.

అబ్దుల్లా యూసుఫ్ అలీ హైదరాబాద్‌లో కొంతకాలం రెవెన్యూ మంత్రిగా పనిచేశాడు. 1934లో ఆయన వ్యాఖ్యాన సహిత అనువాదం వెలువడడం ఆరంభమైంది. నేటికీ ఆంగ్లం చదివే ముస్లిముల ఇళ్ళలో అది లేని ఇల్లు అరుదు. అటువంటి పండితుడు 1953 డిసెంబరులో, ఎవరూ పట్టించుకోని స్థితిలో, వెస్ట్‌మినిస్టర్‌లో ఒక ఇంటి గుమ్మంలో చలికి పడి ఉండగా పోలీసులకు కనిపించాడు. డిసెంబరు 10న ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. ఆయన పుస్తకం కోట్లాది మందికి తోడుగా నిలిచింది. ఆయనకు మాత్రం చివరి రోజున తోడు లేకపోయింది. విద్వాంసులను గౌరవించడం అంటే వారి పుస్తకాలను గుడ్డలో చుట్టి పైన పెట్టుకోవడం కాదని సమాజం గ్రహించాలి.

ముగింపు

మనిషి మరణించిన తర్వాత అతని కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం కొనసాగుతాయని దైవప్రవక్త (స) తెలిపారు. అవి నిరంతరం మేలు చేసే దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే సత్సంతానం. లండన్‌లో ఈ మూడింటికీ సాక్ష్యాలు ఉన్నాయి. వోకింగ్ మస్జిద్, వైట్‌చాపెల్ చందాలు నిరంతర దానానికి సాక్ష్యం. పిక్తాల్, యూసుఫ్ అలీల గ్రంథాలు విద్యకు సాక్ష్యం. మేరిల్‌బోన్ చర్చిలో పేరు మార్చబడిన నూరున్నిసా కథ సంతానం విషయంలో హెచ్చరిక. మరోవైపు టవర్‌లోని రాయి, బ్యాంకులో డెబ్బైఒక్క ఏళ్ళు నిలిచిన ధనం కూడబెట్టినదాని గతికి సాక్ష్యాలు.

హాలియా నుంచి వెళ్ళే యాత్రికుడు టవర్‌ను, మ్యూజియంను, పార్లమెంటు భవనాన్ని తప్పక చూడాలి. అయితే ఒక పూట మిగుల్చుకొని బ్రూక్‌వుడ్ వెళ్ళాలి. అక్కడ చూడడానికి గొప్ప కట్టడాలు ఏమీ లేవు. చెట్ల కింద కొన్ని సమాధులు ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఒక ఫాతిహా చదివి రావడానికి రైలు టిక్కెట్టు తప్ప మరే ఖర్చూ లేదు. ఆ నగరంలో దక్కనుకు నిజంగా దక్కినది అక్కడే ఉన్నది.